బీరువా మీద స్టిక్కర్ ఊడాలి, రంగు మాత్రం ఊడకూడదు: ఎట్టా?

మా పాపకి మూడేళ్ళప్పుడు పుట్టినరోజుకి ఎవరో స్టిక్కర్ల పుస్తకం ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు కేకు తిని వెళ్ళిపోయారు, ఇది మాత్రం ఆ సాయంత్రమే బీరువా ముందు కూర్చుని, తన చెయ్యి అందినంత ఎత్తు దాకా తలుపు నిండా చేపలూ ఏనుగులూ నక్షత్రాలూ అంటించేసింది. పదేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఎనిమిదో తరగతి, స్నేహితురాళ్ళు ఇంటికొస్తే పరువు పోతోందట, తీసేయి నాన్నా అని ఒకటే గోల.

నేనేం చేశానంటే, గేటుకి రంగు వేయించినప్పుడు మిగిలిన థిన్నర్ అర సీసా అటక మీద ఉంటే దింపి, గుడ్డ తడిపి, ఒక ఏనుగుని పట్టుకుని రుద్దాను. మొదటి రుద్దుకే బంక వెన్నలాగా కరిగి వచ్చేసింది, ఓస్ ఇంతేనా అనుకున్నాను. రెండో రుద్దుకి గుడ్డ మీద బూడిద రంగు కనిపించింది. అది మా బీరువా రంగు. ఇడ్లీ అంత మేర మెరుపు పోయి, మధ్యలో ఎర్ర ప్రైమర్ తొంగిచూస్తోంది. ఆ బీరువా మా పెళ్ళికి అత్తగారు వాళ్ళు సారెలో పెట్టింది. మా ఆవిడ వచ్చి చూసింది, ఒక్క మాట అనలేదు, వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీదున్న వెంకటేశ్వరస్వామి అయస్కాంతం బొమ్మ తెచ్చి సరిగ్గా ఆ మచ్చ మీద పెట్టి గమ్మున వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మిగతా స్టిక్కర్లన్నీ మాత్రం ఒక్క గీత పడకుండా తీశాను. ఆ తర్వాత ఇంటి ఫ్రిజ్, సింగరాయకొండలో మా బావమరిది బైకు, కొత్తపట్నంలో మా పిన్ని వాళ్ళ గేటు కూడా నా చేతి మీదే అయ్యాయి. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికి స్టిక్కర్ పీకాలన్నా ఫోను నాకే వస్తోంది, చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. మీ ముందు ఉన్నది మూడు పొరలు: పైన కాగితమో ప్లాస్టిక్కో, దాని కింద బంక, దాని కింద రంగు. అందరూ పైరెండింటి గురించే ఆలోచిస్తారు. కానీ బంకని కరిగించే ఘాటు మందులు చాలావాటికి, అదే ఊపులో, రంగుని కూడా కరిగించే గుణం ఉంటుంది. గాజు మీదో స్టీలు గిన్నె మీదో స్టిక్కర్ అయితే ఏదైనా పోసి రుద్దేయొచ్చు, అక్కడ పోయేదేమీ లేదు. రంగేసిన ఇనుము మీద అట్టా కుదరదు. అందుకే మెత్తని ఉపాయంతో మొదలుపెట్టి, అది పనిచేయనప్పుడే ఒక మెట్టు ఘాటుకి వెళ్ళాలి. నేను చేసిన తప్పల్లా చివరి మెట్టు మీద మొదలుపెట్టడమే.

తీయకూడనివి కొన్ని ఉన్నాయి

పని మొదలుపెట్టే ముందు అది తీయాల్సిన స్టిక్కరేనా చూసుకోండి. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ల వెనకో పక్కనో మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న చీటీ ఉంటుంది, అది లేకపోతే రేపు వారంటీలో మెకానిక్‌ని పిలిచినప్పుడు ఇబ్బంది. ముందు తలుపు మీదుండే నక్షత్రాల కరెంటు లేబుల్ తీసేస్తే ఏమీ కాదు, కొంతమంది అది గొప్పగా కనిపిస్తుందని పదేళ్ళు అట్టాగే ఉంచుకుంటారు, అది మీ ఇష్టం. బండి నంబరు ప్లేటు మీది హాలోగ్రామ్ జోలికి మాత్రం పోవద్దు.

బైకు ట్యాంకు మీద డిజైన్ గీతలుంటాయి చూడండి, వాటిని గోటితో అంచు దగ్గర అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడో తట్టుకుంటే స్టిక్కర్ పైన ఉన్నట్టు. ఏమీ తట్టుకోకుండా అద్దంలా నున్నగా జారిపోతే స్టిక్కర్ మీద కంపెనీలోనే పారదర్శకమైన లక్క పొర, అంటే క్లియర్ కోటు వేసేశారని అర్థం. దాన్ని తీయడం మన వల్ల కాదు, గీకితే ట్యాంకు మొత్తానికి రంగు వేయించుకోవాల్సి వస్తుంది. మా బావమరిది బండికి పక్క ప్యానెళ్ళ మీదవి పైన అంటించినవి, ట్యాంకు మీదవి లోపలివి. వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని ట్యాంకు దగ్గర కూర్చున్నప్పుడు నేను సమయానికి వెళ్ళబట్టి సరిపోయింది.

కింద ఉన్న రంగు ఏది?

ఇది తెలుసుకోకుండా సీసా మూత తీయొద్దు. కంపెనీ ఫ్రిజ్‌లు, కంపెనీ బీరువాల మీద ఎక్కువగా వేడిలో కాల్చిన రంగు, లేకపోతే పౌడర్ కోటింగ్, అంటే పొడి చల్లి వేడికి కరిగించి అతికించిన రంగు ఉంటుంది. ఇవి మొండి రంగులు, కొంచెం తట్టుకుంటాయి. కార్లు, కొత్త బైకుల మీద గట్టిపడే ద్రవం కలిపి కొట్టిన రంగు, దాని మీద క్లియర్ కోటు. ఇవీ గట్టివే. ఊళ్ళో వెల్డింగ్ షాపుల్లో చేయించిన బీరువాలు, గేట్లు, కిటికీ చువ్వలు, పాత కుర్చీలు, ఇట్టాంటివాటి మీద ఉండేది బ్రష్షుతోనో స్ప్రేతోనో వేసి గాలికి ఆరనిచ్చిన మామూలు ఎనామెల్, లేదా ఎన్‌సీ రంగు, అంటే నైట్రోసెల్యులోజ్‌తో చేసిన, థిన్నర్ తగిలితే మళ్ళీ కరిగిపోయే రంగు. ఇవి మెత్తన. మా బీరువా ఈ జాతే, దాని సంగతి ముందే చెప్పాను.

చూడటం తేలిక. బీరువా వెనక వైపు, గోడ వైపు ఉండే చోట, చిన్న పత్తి ఉండతో థిన్నర్ ఒక్క చుక్క అద్ది రుద్దండి. వెంటనే పత్తికి రంగు అంటితే ఎన్‌సీ రకం. కాసేపటికి మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. అర నిమిషం రుద్దినా పత్తి తెల్లగానే ఉంటే కాల్చిన రంగు. ఇది పరీక్ష కోసమే సుమా, పత్తి తెల్లగా ఉంది కదా అని ముందు తలుపు మీద థిన్నర్‌తో మొదలుపెట్టమని కాదు.

ఈమధ్యే రంగు వేయించి ఉంటే మాత్రం ఆగండి. ఎనామెల్ ముట్టుకుంటే ఒక్క రోజులో ఆరినట్టే ఉంటుంది, లోపల పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ లోపల స్టిక్కర్ లాగితే రంగు కూడా దాంతో పాటు చపాతీలా లేచి వస్తుంది. అట్టాగే తుప్పు మీదే రంగు వేసేసిన పాత గేట్లయితే స్టిక్కర్ చుట్టూ బొబ్బలు ఉన్నాయేమో గోటితో నొక్కి చూడండి. బొబ్బ ఉంటే మీరెంత జాగ్రత్తగా తీసినా అక్కడ రంగు లేస్తుంది, దానికి సిద్ధపడి చేయండి.

ఎండతో పని చేయించుకోవడం

స్టిక్కర్ బంక గోడకి వేసే సున్నంలాగా ఆరి గట్టిపడేది కాదు. రబ్బరుతోనో యాక్రిలిక్‌తోనో చేసి, ఎప్పటికీ జిగటగానే ఉండేటట్టు తయారుచేస్తారు, నొక్కితే అంటుకుంటుంది. దానికి వేడి తగిలితే మెత్తబడి పట్టు వదులుతుంది. బీరువాకైతే హెయిర్ డ్రయ్యర్ సరిపోతుంది. జానెడు దూరం నుంచి, ఒక్కచోటే పట్టుకోకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఓ నలభై సెకన్లు. ఇనుము మీద వేలు పెడితే వేడిగా ఉండాలి కానీ వేలు తీయబుద్ధి కాకూడదు, అదే కొలత. డ్రయ్యర్ లేకపోతే వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు స్టిక్కర్ మీద రెండు మూడు నిమిషాలు వేసి ఉంచండి, చల్లారాక మళ్ళీ ముంచి వేయండి. ఫ్రిజ్ అయితే ముందు ప్లగ్గు పీకేయండి. కార్పెంటర్లు, షాపులవాళ్ళు వాడే హీట్ గన్ మాత్రం ఇంట్లో వద్దు, అది వందల డిగ్రీల వేడి, రంగు బొబ్బలెక్కుతుంది.

మనకి ఇంకో సదుపాయం ఉంది, నెల్లూరు ఎండ. చిన్న వస్తువైతే, బైకైతే, ఉదయం తొమ్మిదింటి ఎండలో ఓ పావుగంట పెట్టి నీడకి తెచ్చుకుంటే డ్రయ్యర్‌తో పనే లేదు. కానీ రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి పీకుదాం అనుకోకండి, వడదెబ్బ సంగతి అటుంచి పని కూడా చెడుతుంది. వేడి మరీ ఎక్కువైతే బంక పాకంలాగా సాగి, సగం స్టిక్కర్‌తో పాటు వచ్చి సగం రంగు మీదే ఉండిపోతుంది. దాని మీద ఏదైనా మందు పూసినా తుడిచేలోపే ఆవిరైపోతుంది. కొత్తపట్నంలో మా పిన్ని గేటు దగ్గర నాకు ఇదే అయింది. 2024 మే 13న ఓట్లు పడ్డాయి కదా, ఆ ముందు రోజుల్లో ఎవరెవరో వచ్చి గేటుకి స్టిక్కర్లు అంటించి పోయారు. ఏ పార్టీ అని అడక్కండి, అందరూ అంటించారు, ఒకదాని మీద ఒకటి. నేను వెళ్ళింది ఆ నెలాఖరున, అదీ భోజనం చేశాక. పీకిన ప్రతిదీ తీగలు తీగలుగా సాగి చొక్కాకి, చేతి వెంట్రుకలకి అంటుకుంది. విసుగొచ్చి వదిలేసి, మర్నాడు పొద్దున ఆరింటికి కాఫీ కూడా తాగకుండా మొదలుపెడితే ఎనిమిదికల్లా అయిపోయింది.

అంచు లేపడానికి బ్లేడు వాడొద్దు. చాకు వద్దు, స్క్రూడ్రైవర్ వద్దు, పాత ఏటీఎం కార్డు చాలు. బీరువా మీద అయితే గోరే మంచిది, రాత్రి నీళ్ళలో నానిన గోరు కాకుండా కొంచెం గట్టిగా ఉన్నప్పుడు. ఒక మూల అర అంగుళం లేచాక దాన్ని పైకి మీ వైపుకి లాగకండి. స్టిక్కర్‌ని దాని మీదికే వెనక్కి మడిచి, తలుపుకి ఆనించినట్టుగా, మెల్లగా, తమలపాకు ఈనె తీసినంత నిదానంగా లాగండి. గబుక్కున లాగితే బంక రబ్బరులాగా బిగుసుకుని కాగితం చిరిగిపోతుంది, మెల్లగా లాగితే వదులుతుంది. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఆగి, మళ్ళీ వేడి పట్టి, మళ్ళీ లాగండి. మా ఇంటి ఏనుగుల్లో ఒక్కోదానికి ఓ రెండు నిమిషాలు పట్టింది, నక్షత్రాలు చిన్నవైనా మొండివి, ఐదు మూలలూ ఐదు సార్లు లేపాలి.

రెండు మూడు ఎండాకాలాలు చూసిన ప్లాస్టిక్ స్టిక్కర్లతో వేరే తలనొప్పి. కొత్తగా ఉన్నప్పుడు వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండకి పోయి, అప్పడంలాగా పెళుసుబారి, గోరంత ముక్కలుగా విరుగుతాయి. అట్టాంటివాటికి వేడి తువ్వాలు ఎక్కువసేపు వేసి, అరచేతి వెడల్పున కొంచెం కొంచెంగా తీసుకుంటూ పోవడమే, దగ్గరదారి లేదు.

మిగిలిన బంక

ఇప్పుడు పైది పోయి, ముట్టుకుంటే వేలికి అంటుకునే బంక మిగిలిందనుకోండి. వెంటనే సీసాల దగ్గరికి పరిగెత్తకుండా ముందు బొటనవేలితో ఒక మూల నుంచి తోస్తూ రుద్దండి, బంక చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటుంది. ఆ ఉండనే పట్టుకుని మిగతా బంక మీద అద్దుతూ పోతే బంకకి బంకే అంటుకుని లేచి వస్తుంది. పార్శిళ్ళకి వేసే ప్యాకింగ్ టేపు ముక్కని చేతికి తిరగేసి చుట్టుకుని టపటపా అద్దినా అంతే. పల్చగా మిగిలితే కొంచెం టాల్కమ్ పౌడరు చల్లి రుద్దండి, జిగట చచ్చి నలకలుగా రాలిపోతుంది. పిల్లల పెన్సిలు రబ్బరు కూడా పనికొస్తుంది. చాలా స్టిక్కర్లు ఇక్కడితోనే అయిపోతాయి, మందు అవసరమే ఉండదు.

ఇంకా మొండికేస్తే నూనె. కొబ్బరినూనె, వేరుశనగ నూనె, ఏది ఉంటే అది. పత్తికి తడిపి బంక మీద పరిచి, ఆరిపోకుండా ఒక పాలిథిన్ కవరు ముక్క కప్పి, ఓ అరగంట వదిలేయండి. నూనె బంకలోకి ఇంకి, దాన్ని ఉబ్బించి, పట్టు వదిలిస్తుంది, రంగుని మాత్రం ఏమీ చేయదు. జనం చేసే పొరపాటు ఏమిటంటే నూనె రాసి వెంటనే తుడిచేసి, ఏం పనిచేయలేదంటారు. దానికి టైము ఇవ్వాలి. ఇంకోటి, పైన ప్లాస్టిక్ పొర ఉండగా నూనె పూస్తే లోపలికి దిగదు, పైపొర తీసేశాకే పూయాలి. కాగితం స్టిక్కరైతే పరవాలేదు, కాగితంలోంచి కూడా ఇంకుతుంది. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున అయితే కొబ్బరినూనె గడ్డకట్టి ఉంటుంది, 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కాసేపు ఎండలో పెట్టుకోండి.

దీని పైమెట్టు నీలగిరి తైలం. మెడికల్ షాపులో చిన్న సీసా దొరుకుతుంది, జలుబుకి వాడేదే. బంక మీద బాగా పనిచేస్తుంది, నూనె కంటే ఘాటు, అందుకే కనపడని చోట ముందు చూసుకుని, గుడ్డకి రెండు చుక్కలు వేసి తుడిచి, ఒక నిమిషం కంటే ఎక్కువసేపు ఉంచకుండా తీసేయండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబ్ల్యూడీ 40 స్ప్రే కూడా ఇదే మెట్టు, కార్లకీ బైకులకీ నాకు అదే నచ్చుతుంది. దాన్ని నేరుగా బండి మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి రుద్దండి, లేకపోతే బ్రేకు డిస్కు మీద పడిందంటే బ్రేకు పట్టదు. కరోనా నాటి శానిటైజర్ సీసాలు మూలనపడి ఉంటే, జెల్ కాదు, నీళ్ళలా ఉండేది, చివరి పల్చటి పొర తుడవడానికి బాగుంటుంది. ఎన్‌సీ రంగు మీద మాత్రం ఆల్కహాల్ వద్దు.

కిరసనాయిలు వాడొచ్చా అని అడుగుతారు. గట్టిపడిన ఎనామెల్ మీద కాసేపు తుడిచి వెంటనే కడిగేస్తే పరవాలేదు, అయితే రేషన్ షాపులో కిరసనాయిలు పోసే రోజులు పోయాయి కదా. రంగుల షాపులో దొరికే టర్పెంటైన్ దాని బదులు పనికొస్తుంది, అదే జాగ్రత్తతో. పెట్రోలు గురించి నా మాట ఒకటే, ఇంట్లో వద్దు. పని చేస్తుంది, కాదనను, బైకు మెకానిక్‌లు అందరూ వాడతారు. కానీ వాళ్ళు రోడ్డు పక్కన ఆరుబయట వాడతారు. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే ఓ 38 డిగ్రీల పైన వేడెక్కాలి, పెట్రోలుకి సున్నాకి కింద 40 డిగ్రీల చలిలో కూడా నిప్పురవ్వ చాలు. పైగా ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలో దేవుడి దీపం దాకా పోతుంది. ఫ్రిజ్ వెనక మోటారుని నడిపే స్విచ్చు, అదే రిలే, టక్కుమన్నప్పుడు వచ్చే చిన్న రవ్వ చాలు. శానిటైజర్, టర్పెంటైన్, నీలగిరి తైలం కూడా మండేవే. కాబట్టి హెయిర్ డ్రయ్యర్ పని మొత్తం ముగించి, ప్లగ్గు తీసి, పక్కన పెట్టేశాకే సీసా మూత తీయండి. మందు పూసిన చోట డ్రయ్యర్ పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకండి.

గోళ్ళరంగు తుడిచే ద్రవం కూడా థిన్నర్ లాంటిదే, చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, చిన్న సీసాలో ఉంది కదా అని మోసపోవద్దు. గిన్నెలు తోమే పచ్చ పీచు, స్టీలు పీచు ఈ పనికి పనికిరావు. ఆ పచ్చ పీచులో గరుకు పొడి ఉంటుంది, మెరిసే రంగు మీద ఒక్కసారి తిప్పితే సాలెగూడులాగా గీతలు పడతాయి. పాత బనియను, పాత పంచె, అంతకంటే మంచి గుడ్డ కొనక్కర్లేదు. గరుకుగా చుక్కలు చుక్కలుగా ఉండే పౌడర్ కోటింగ్ బీరువాల్లో బంక ఆ గుంటల్లో కూర్చుంటుంది, దానికి పాత టూత్ బ్రష్షుతో నూనె పూసి గుండ్రంగా తిప్పండి.

బంక పోయాక పని అయిపోయిందనుకుని వెళ్ళిపోకండి. నూనె జిడ్డు ఉంటే వారానికల్లా దుమ్ము పట్టి, స్టిక్కర్ ఉన్నప్పటి ఆకారంలోనే నల్లగా తేలుతుంది. గిన్నెల సబ్బు ద్రవం నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి రెండుసార్లు తుడవండి, మూడోసారి మంచినీళ్ళ గుడ్డ, ఆఖర్న పొడి గుడ్డ. బీరువా తలుపు అతుకుల్లోకి, తాళం కన్నంలోకి నీళ్ళు దిగనివ్వకండి. తర్వాత వేలితో గీసి చూస్తే కిర్రుమనాలి, జారకూడదు.

కొన్ని వేరే రకాలు

గేట్లకి, షట్టర్లకి అంటించే సినిమా వాల్‌పోస్టర్లు స్టిక్కర్లు కావు, మైదా బంకతో అంటించినవి. వాటి మీద నూనె పూస్తే చెత్త చెత్త అవుతుంది. వాటికి వేడినీళ్ళు చాలు, బకెట్ నీళ్ళు పోసి, గోనెసంచి తడిపి ఓ పావుగంట ఆనించి, తర్వాత రుద్దితే జావలాగా జారిపోతుంది. పోస్టర్ ఎండిపోయి ఉండగా గీకితేనే రంగు లేస్తుంది.

కార్ల వెనక అక్షరాలు, బైకుల మీద ఉబ్బెత్తు బ్యాడ్జీలు స్పాంజిలాంటి రెండువైపుల టేపుతో అంటించి ఉంటాయి. వాటి కింద కార్డు దూర్చి ఎత్తితే రంగు గుంటపడుతుంది. వేడి పట్టి, చేపలు పట్టే గాలానికి కట్టే నైలాన్ దారం ఒక మూర తీసుకుని, రెండు చేతులకీ చుట్టుకుని, బ్యాడ్జీ వెనక నుంచి రంపంలాగా అటూ ఇటూ కోస్తూ రండి. సముద్రం పక్క ఊళ్ళలో ఆ దారానికి కొరతేమీ ఉండదు కదా. మిగిలిన స్పాంజిని వేలితో ఉండలు చుట్టి, బంకకి పైన చెప్పిన వరసే.

ఫెవిక్విక్‌తో అంటించిందైతే వదిలేయండి. అది బంక కాదు, గట్టిపడిన ప్లాస్టిక్, దాన్ని కరిగించేది అసిటోన్, అసిటోన్ రంగుని ఉంచదు.

స్టిక్కర్ పోయినా నీడ ఉంటే

బంక అంతా పోయి, శుభ్రంగా కడిగాక కూడా స్టిక్కర్ ఆకారం కనిపిస్తోందా? అది మురికి కాదు. చుట్టూ ఉన్న రంగు ఎండకి వెలిసిపోయింది, స్టిక్కర్ కింద ఉన్నది మాత్రం కొత్తగా ఉంది. మా పిన్ని గేటు మీద ఇప్పటికీ ఒక గుర్తు చదవడానికి వీలుగా కనిపిస్తూనే ఉంది, ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా నన్ను అదోలా చూస్తుంది. మెరిసే రంగైతే చుట్టూ వెలిసిన భాగాన్ని బండ్ల షాపులో దొరికే రబ్బింగ్ కాంపౌండుతో, మెత్తని గుడ్డతో, నొక్కకుండా రుద్దితే పైన వెలిసిన పొర కొంచెం పోయి తేడా తగ్గుతుంది. రుద్దాల్సింది వెలిసిన చోట, కొత్తగా ఉన్న చోట కాదు, ఇది చాలామంది తిరగేస్తారు. చిన్న మచ్చకైతే తెల్ల టూత్ పేస్టు కూడా కొంచెం పనిచేస్తుంది. మెరుపు లేని మ్యాట్ రంగు బండ్ల మీద మాత్రం కాంపౌండు పెట్టకండి, రుద్దిన చోట మెరిసిపోయి నుదుటి మీద బొట్టులాగా కనిపిస్తుంది, దాన్ని మళ్ళీ మ్యాట్ చేయలేరు.

పొరపాటున గీసుకుపోయి ఇనుము కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఉప్పు చెమ్మకి గీత ఎంత సన్నదైనా కొద్ది రోజుల్లో ఎర్రబడుతుంది, ఆ తర్వాత తుప్పు రంగు కిందికి పాకుతూ పోయి చుట్టూ లేపేస్తుంది. అదే రోజు పొడి గుడ్డతో తుడిచి, సన్నటి ఎమరీ కాగితం ఆ గీత వరకే తిప్పి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చిన్న కుంచెతో అద్ది, ఆరాక ఎనామెల్ రెండు పూతలు అద్దండి.

మా బీరువా మచ్చకి కూడా నేను అదే చేశాను. ట్రంకు రోడ్డులో రంగుల షాపుకి వెళ్ళి, బూడిద రంగు చిన్న డబ్బా కొని, రెండు సార్లు అద్దాను. డబ్బా మూత మీద రంగు మా బీరువా రంగే అనిపించింది, ఆరాక చూస్తే కొంచెం నీలంగా ఉంది. పాపకి చూపించి కనపడుతోందా అని అడిగితే, లేదు నాన్నా అంది, మా ఆవిడ పక్కనే ఉంది మరి. అయస్కాంతం బొమ్మ మాత్రం ఇంకా అక్కడే ఉంది.